చేతికంటిన పచ్చ

వ్యాన్ రిక్షా వెనక
మంచుపెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను.
అందులో ఇవాళ్టి పదకొండు మంది నెత్తురు,
ఒక్కొక్కరిది చిటికెన వేలంత.
గతుకు వచ్చినప్పుడల్లా
పసిబిడ్డ తలకి చెయ్యి అడ్డం పెట్టినట్టు
మూత మీద అరచెయ్యి ఆనిస్తాను.

తహూరాకి ఏడో నెల.
సూది గుచ్చుతుంటే మొహం తిప్పుకుని
గోడ మీది బల్లితో చెప్పింది:
"రాసుకునేవాళ్ళు రాసుకుపోతారు,
మళ్ళీ మొహం చూపించరు."
నేనేమీ అనలేదు.
పోయినేడు వచ్చినవాళ్ళు అలాగే పోయారు మరి.

ఢాకా నుంచి కాగితం వచ్చింది.
సీసం.
తుపాకీ గుండులో ఉండాల్సింది,
చచ్చిన బ్యాటరీలో ఉండాల్సింది,
చెప్పుల చప్పుడైనా లేకుండా నడిచి
కడుపులో బిడ్డ దాకా వెళ్ళింది.
బిడ్డకి జ్వరం రాదు, దద్దురు రాదు.
ఏడో ఏట కూడికలో కాలు జారుతుంది.
మాస్టారు మొద్దు అంటాడు,
తల్లి తలరాత అంటుంది.
సీసం అని మాత్రం ఎవరూ అనరు.

ఎక్కణ్ణుంచి?
మట్టి తవ్వాం. బియ్యం కొలిచాం.
బోరునీళ్ళు పట్టాం, గిన్నెల అడుగులు గీకాం,
పురుగుమందు డబ్బాలు చెత్తలోంచి ఏరాం.
సెగుఫ్తా ఆపా గోడ మీది జాబితాలో
ఒక్కోదాన్నీ కొట్టేస్తూ పోయింది.
పద్నాలుగు నెలలు.
కొట్టివేతలే మా సంపాదన.
"కాదు" అని తెలుసుకోవడానికి కూడా
ఇంత బస్సు ఛార్జీ అవుతుందా అని
మా నాన్న నవ్వాడు.

ఒక మధ్యాహ్నం తహూరా అత్తగారు
వద్దన్నా వినకుండా అన్నం పెట్టింది.
పాబ్దా చేప, పల్చటి పులుసు.
తిన్నాక సబ్బుతో కడుక్కున్నాను,
బూడిదతో తోముకున్నాను.
గోళ్ళ చుట్టూ పచ్చ పోలేదు.
ఆపా తన ముద్ద నోటి దాకా తెచ్చి
నా వేళ్ళకేసి చూస్తూ ఆగిపోయింది.

పసుపు!
దాన్నెలా అనుమానిస్తాం?
దెబ్బ తగిలితే అద్దేది,
పెళ్ళికి ముందు ఒళ్ళంతా పూసేది,
అమ్మ చేతి వాసనలో సగం దానిదే.
దొంగ కోసం ఊరంతా గాలించొచ్చి
పోపులపెట్టె మూత తీసినట్టయింది.

మిల్లులో మొఫిజుల్ ఏమీ దాచలేదు.
"వరదేడు దుంప తడిసి నల్లబడింది.
నల్ల దుంప ఎవడు కొంటాడు?
అప్పట్నుంచీ బస్తాకి ఇంత రంగు."
ఆవపువ్వు రంగు అని దానికి ముద్దుపేరు.
అతని కనుబొమల మీద, చెవి మడతల్లో
ఆవచేను పూసి ఉంది.
ఆపా పరికరం బస్తాకి ఆనించింది.
అంకె చూపించింది, దాని అర్థం చెప్పింది.
చాలాసేపు డ్రమ్ము తిరిగే చప్పుడే.
తర్వాత, మేమేమీ అడక్కుండానే,
మనవడికి లెక్కలు రావడం లేదని చెప్పి
చెప్పినందుకు తనే ఉలిక్కిపడ్డాడు.

ఆ తర్వాత కథ పరిశోధనలా ఉండదు,
బజారులా ఉంటుంది.
సంతలో జరిమానాలు, తిట్లు,
గోడపత్రిక మీద పాన్ ఉమ్ములు.
కామెర్లవాడికి లోకమంతా పచ్చన అంటారు,
మా బజారుకి లోకం పచ్చగా లేకపోతేనే జబ్బు.
"ఇది పాతసరుకు, పాలిపోయింది" అని
అసలు పసుపుని కొన్నాళ్ళు ఎవరూ ముట్టలేదు.
ఒక షావుకారు నా మంచుపెట్టెని కాలితో తన్నాడు.
ఖాళీది. అయినా
మూత మీద చెయ్యి పెట్టాను.

మొన్న మళ్ళీ వెళ్ళాను.
తహూరా బిడ్డకి ఎనిమిది నెలలు,
పేరు రఫ్రఫ్, రెండు పళ్ళు.
నా చేతిలో సూది చూసి
తల్లి తనే కొంగు పైకి లాక్కుంది.
అంకె తగ్గింది. సున్నా కాలేదు.
"లోపలున్నది పోతుందా?" అంది.
ఎముకల్లో చేరింది తొందరగా కదలదని,
ఎంతకాలం పడుతుందో
నాకూ సరిగా తెలియదని చెప్పాను.
తెలియదన్న మాట మీద
ఆవిడ నాకు పీట వేసింది.

కూర ఈసారి పాలిపోయి ఉంది,
జ్వరం తగ్గిన మనిషిలా.
తిన్నాను.
చెయ్యి కడిగితే
ఒక్క చెంబుకే వదిలింది.